ట్రాక్‌కు వెళ్లే పద్మినికి ముందుగా బ్రేకులు

సంపాదకులకు నమస్కారం.

పాత కార్లను రేస్ ట్రాక్‌కు సిద్ధం చేయడంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. ప్రీమియర్ పద్మినికి పెద్ద ఇంజన్ ఎక్కించే పని గురించి వివరంగా రాశారు, బ్రేకుల సంగతి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు. అది చదివి పని మొదలుపెట్టే కుర్రాళ్లు ప్రమాదంలో పడతారనే ఈ ఉత్తరం. ముందు బ్రేకులు, తర్వాత సస్పెన్షన్, ఆ రెండూ కుదిరాకే ఇంజన్.

పద్మినిది 1089 సీసీ ఇంజన్, సుమారు 40 హార్స్‌పవర్. బ్రేకులు డ్రమ్ములు, అంటే చక్రంతో తిరిగే గిన్నె లాంటి డ్రమ్ముకు లోపలి నుంచి షూలు ఒరుసుకుని బండిని ఆపే రకం. డ్రైవరుతో కలిపి బండి వెయ్యి కిలోలనుకుంటే, గంటకు వంద కిలోమీటర్ల స్పీడులో ఆపడానికి బ్రేకులు దాదాపు 386 కిలోజౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. 120లో అది 555 అవుతుంది. అంటే స్పీడు 20 శాతం పెరిగితే వేడి 44 శాతం పెరుగుతుంది. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్ చుట్టు 3.7 కిలోమీటర్లే. ఒక మలుపుకీ ఇంకో మలుపుకీ మధ్య డ్రమ్ము చల్లారదు. వేడికి వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది, షూల మీది లైనింగ్ పట్టు వదిలేస్తుంది.

అందుకే ముందు చక్రాలకు డిస్కులు, అంటే చక్రంతో తిరిగే పళ్లేన్ని రెండు పక్కలా ప్యాడ్లు పట్టి ఆపే బ్రేకులు పెట్టాలి. ప్యాడ్లను నొక్కే కాలిపర్‌ను బిగించే బ్రాకెట్‌ను ముక్కలు అతికించి వెల్డింగ్ చేయొద్దు. మందపాటి స్టీలు ప్లేటును ఒకే ముక్కగా మెషీన్ చేయించి, 10.9 గ్రేడు బోల్టులతో బిగించండి. బిగించాక డయల్ గేజ్ పెట్టి డిస్కును చేత్తో తిప్పి చూడండి. ఊగు 0.1 మిల్లీమీటరు దాటితే పెడల్ కొట్టుకుంటుంది.

ఎక్కువ మంది దెబ్బతినేది, పెడల్ తొక్కితే బ్రేకులకు ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండర్ దగ్గర. డ్రమ్ముల కోసం చేసిన సిలిండర్ లోపల లైనులో కొంత ప్రెషర్ నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. దాన్నే డిస్కులకు కలిపితే ప్యాడ్లు వదలవు. కాసేపు నడిపి, జాకీ మీద చక్రం లేపి చేత్తో తిప్పితే బిగుసుగా తిరుగుతుంది, హబ్ కాలిపోతుంటుంది. బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం కూడా చూసుకోవాలి. 19 మి.మీ. నుంచి 22కు పెంచితే వైశాల్యం 34 శాతం పెరుగుతుంది, కాలిపర్లకు సరిపడా ఆయిల్ వెళ్తుంది. అయితే అదే తొక్కుకు ప్రెషర్ పావు వంతు తగ్గుతుంది కాబట్టి తొక్కు బలాన్ని పెంచే బూస్టర్ కావాలి. ముందూ వెనకా విడి సర్క్యూట్లున్న టాండెమ్ సిలిండరే వాడండి. వెనక లైనులో ప్రెషర్ తగ్గించే వాల్వు పెట్టి, ముందు చక్రాలే ముందుగా లాక్ అయ్యేలా సరిచేయండి. వెనకవి ముందుగా లాక్ అయితే బండి గిర్రున తిరిగిపోతుంది.

బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ మరిగేది కనీసం 230 డిగ్రీల దగ్గర. తేమ పట్టాక అది 155 దాకా పడిపోవచ్చు. ట్రాక్‌కు వెళ్లే ముందు కొత్త ఆయిల్ పోసి, గాలి పూర్తిగా తీయండి. ఆఖరి చుట్టు నెమ్మదిగా వేసి బ్రేకులు చల్లార్చండి. పిట్‌లో హ్యాండ్ బ్రేక్ లాగకండి, చక్రాలకు అడ్డు పెట్టండి.

సస్పెన్షన్‌లో ముందు చేయాల్సింది ఖర్చు తక్కువ పని. ముదిరిపోయిన రబ్బరు బుష్‌లు, బాల్‌జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు మార్చడం. బండి కిందికి దించాలని కాయిల్ స్ప్రింగును గ్యాస్‌తో కోస్తారు. ఆ వేడికి ఉక్కుకు పట్టిన పదును, అంటే దాని గట్టిదనం పోతుంది. పైగా గతుకులో చక్రం కిందికి వేలాడితే స్ప్రింగు సీటు వదిలేస్తుంది. వెనక కమాన్ కట్టలది వేరే బాధ. ఇంజన్ బలం పెరిగితే యాక్సిల్ మెలి తిరగబోతుంది, కట్ట వంకర పోయి చక్రాలు రోడ్డు మీద దడదడలాడతాయి. యాక్సిల్ నుంచి ఛాసిస్‌కు చెరో వైపు ఒక్కో టార్క్ రాడ్ వేస్తే అది చాలావరకు ఆగుతుంది. అలైన్‌మెంట్‌లో ముందు చక్రాలకు డిగ్రీ, డిగ్రీన్నర నెగటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వంగి ఉండటం చాలు.

ఇక ఇంజన్. మారుతి వెర్సాలో, జిప్సీలో ఇంజన్, గేర్ బాక్సు బండి పొడవునా ఉంటాయి కాబట్టి వెనక చక్రాలు తిరిగే బండికి వాటిని వాడతారు. 16 వాల్వుల 1.3 లీటర్లది 80 హార్స్‌పవర్ ఇస్తుంది, అంటే పద్మినికి రెట్టింపు. కానీ యాక్సిల్ పాతదే. మొదట తెగేవి చక్రాలను తిప్పే హాఫ్ షాఫ్టులు, పళ్లు రాలేది యాక్సిల్ మధ్యలోని క్రౌన్ పినియన్ గేర్లకు. గేర్ బాక్సు నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టును కొత్త కొలతకు కోయించాక బ్యాలెన్సింగ్ తప్పనిసరి. రెండు చివరల జాయింట్ల కోణాలు సమానంగా లేకపోతే అరవై దాటగానే వణుకు మొదలవుతుంది. ఆయిల్ చాంబర్‌లో అడ్డు రేకులు వేయించండి. లేకుంటే పొడవాటి మలుపులో ఆయిల్ ఒక పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు పట్టేస్తాయి.

చట్టం సంగతి కూడా మీ వ్యాసంలో లేదు. తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇలా మార్చిన కారును ట్రాక్‌కు ట్రెయిలర్ మీదే తీసుకెళ్లాలి. యాభై ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఫియట్ పేరుతో వచ్చిన తొలినాటి బండి మీ చేతికొస్తే దయచేసి దాన్ని కోయకండి. ట్రాక్ పనికి ఎనభైల నాటి పద్మిని చాలు.

ఇట్లు,
పాత కార్ల మెకానిక్కులు,
ఆటోనగర్, విజయవాడ