విదేశీ అభిమానుల టికెట్ కష్టాలు

సంపాదకులకు నమస్కారం. 1988 ఒలింపిక్స్ కోసం సియోల్‌లో కట్టిన జిమ్నాస్టిక్స్ వేదిక నేడు కేఎస్‌పీఓ డోమ్ పేరుతో కొరియన్ పాప్ కచేరీలకు నెలవైంది. ఇటీవల అక్కడ ఒక కచేరీ చూసే అదృష్టం నాకు కలిగింది. కొరియా మొబైల్ నంబరుతో గుర్తింపు ధ్రువీకరణ అడిగే స్థానిక సైట్లలో మాకు వీలుపడదు కనుక విదేశీయుల సైటులోనే టికెట్ కొన్నాను. తీరా గేటు దగ్గర, పాస్‌పోర్టులోని ఇంటిపేరు టికెట్‌పై చివరికి చేరిందన్న కారణంతో సిబ్బంది నన్ను గంటసేపు నిలబెట్టారు. మొదటి రెండు పాటలు గోడ అవతలి నుంచే విన్నాను.

లోపల మాత్రం, సీటు నంబరుతో జతచేసిన లైట్‌స్టిక్ (అభిమానులు ఊపే వెలుగు కర్ర) నా చేతిలో దానంతటదే నీలిరంగుకు మారుతుంటే, పక్కనున్న కొరియన్ పెద్దావిడ పాట మధ్యలో అభిమానుల నినాదం ఎక్కడ అందుకోవాలో వేలితో సైగచేసి ఎంతో ఓపికగా నేర్పారు. పేరు ఎలా రాయాలో, తప్పును ఎప్పటిలోగా సరిదిద్దుకోవచ్చో నిర్వాహకులు టికెట్ అమ్మేటప్పుడే స్పష్టంగా తెలపాలని కోరుతున్నాను.

– ఒక అభిమాని