‘ఆల్‌దో’ ఉండగా ‘బట్’ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

ఇక్కడ ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవడు ‘ఆల్‌దో ఇట్ వజ్ రెయినింగ్, బట్ వియ్ ప్లేడ్’ అని రాస్తే, ‘బట్’ను ఎర్ర సిరాతో కొట్టివేశారు గాని కారణం చెప్పలేదు. ‘వాన కురుస్తున్నా, కానీ ఆడుకున్నాం’ అని వాడిచేత బిగ్గరగా చదివించాను. వాడే నవ్వి, ‘కానీ అక్కర్లేదు తాతయ్యా’ అన్నాడు.

‘కురుస్తున్నా’ చివరి దీర్ఘం చేసే పనినే ఇంగ్లీషులో ‘ఆల్‌దో’ చేస్తుంది. తానున్న భాగాన్ని ఒంటరిగా నిలవనీయక, ప్రధాన వాక్యం మీద ఆధారపడేలా చేస్తుంది. ‘బట్’ మాత్రం మన ‘కానీ’లాగే, విడివిడిగా నిలబడగల రెండు వాక్యాలను సమాన హోదాలో కలుపుతుంది. ఒకే జతకు ఆ రెండూ అక్కర్లేదు. మేము బడిలో సంశ్లిష్ట (ఒక భాగం మరోదానిపై ఆధారపడే), సంయుక్త (సమాన వాక్యాలు కలిసిన) వాక్యాలని చదువుకున్న తేడాయే ఇంగ్లీషులో కంజంక్షన్లనే కలిపే మాటల్లో ‘ఆల్‌దో’లాంటి సబార్డినేటింగ్, ‘బట్’లాంటి కోఆర్డినేటింగ్ రకాల దగ్గరా చాలావరకు కనిపిస్తుంది.

ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో అనే ఏడు కోఆర్డినేటింగ్ మాటల తొలి అక్షరాలను కలిపి ‘ఫ్యాన్‌బాయ్స్’ అని పిల్లలచేత వల్లె వేయిస్తారు. వల్లె వేయడం మీద నాకు చిన్నచూపు లేదు గాని, బికాజ్, ఇఫ్, అన్‌లెస్, వెన్ వంటి సబార్డినేటింగ్ జట్టు దగ్గర అది అక్కరకు రాదు. ‘అన్‌లెస్ యు డోంట్ స్టడీ, యు విల్ ఫెయిల్’ అని రాసే పిల్లలకు, ‘అన్‌లెస్’ అంటే ‘చదవకపోతే’లోని ‘కపోతే’ అనీ, ‘కాదు’ అన్న అర్థం అందులోనే ఇమిడి ఉందనీ చెబితే, ‘డోంట్’ ఎందుకు పనికిరాదో తెలుస్తుంది.

అయితే తెలుగు అన్నిచోట్లా దారి చూపదు. ‘ఇంటికి వచ్చి, తిని, పడుకున్నాడు’ అన్నది మనకు ‘వచ్చి’, ‘తిని’ వంటి క్త్వార్థకాలతో ఏర్పడిన సంశ్లిష్ట వాక్యం కాగా, ఇంగ్లీషువారు ఆ మాటను ‘అండ్’తో సరిపెడతారు. మనకు ‘వస్తే’, ‘వచ్చినా’ వంటివి సాధారణంగా ముందే వస్తాయి; ఇంగ్లీషులో ‘ఇఫ్’ భాగం వెనుక కూడా రావచ్చు, ముందు వచ్చినప్పుడు దాని తరువాత కామా పెట్టాలి.

బెంగళూరులో మన పిల్లల్లో చాలామందికి తెలుగు ఇంట్లో వినే భాషే తప్ప బడిలో చదివే భాష కాదు. ‘కురుస్తున్నా’ వంటి రూపాన్ని అప్యర్థకమంటారని తెలియకపోయినా దాని తీరు వారి చెవికి తెలుసు. కాబట్టి మీ విద్యార్థుల పేజీలో ఇంగ్లీషు వ్యాకరణం ప్రచురించేటప్పుడు ప్రతి ఉదాహరణ పక్కన వాడుక తెలుగు వాక్యాన్ని, రెండు భాషల దారులు వేరయ్యే చోట ఆ సంగతిని కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మారతహళ్లి, బెంగళూరు