ఫ్రెంచ్ సినిమాకు తెలుగు అక్షరాలు వేయరా?

సంపాదకులకు నమస్కారం.

మిర్యాలగూడలో ఒక సినిమా హాల్లో 24 ఏళ్లు ఆపరేటర్‌గా చేశాను. ఇప్పుడది ఫంక్షన్ హాల్. నల్లగొండలో డిగ్రీ చదివే మా మనవరాలు సెలవులకు వచ్చి, ల్యాప్‌టాప్‌లో ఒక ఫ్రెంచ్ సినిమా పెట్టింది. 1971లో రొబేర్ బ్రెసాన్ తీశాడు. తెలుగులో చెప్పుకోవాలంటే 'కలలు కనేవాడి నాలుగు రాత్రులు'.

జాక్ అనే కుర్రాడు బొమ్మలేస్తుంటాడు. తోడు కోసం పారిస్ వీధుల్లో అమ్మాయిల వెనక నడుస్తాడు గానీ, పలకరించే ధైర్యం ఉండదు. మన హీరోలూ వెంటపడతారు, వాళ్లకైతే రెండో రీలుకల్లా పాట పడుతుంది. ఒక రాత్రి పోన్ నఫ్ వంతెన మీద, నదిలోకి దూకబోతున్న మార్త్‌ను ఆపుతాడు. ఏడాదికి తిరిగొస్తానన్న ప్రియుడు రాలేదని ఆమె ఏడుపు. (పోన్ నఫ్ అంటే కొత్త వంతెన అనట. 1607లో పూర్తయింది, పారిస్‌లో ఇప్పుడున్న వంతెనల్లో అదే అన్నిటికన్నా పాతది. మన ఊళ్లలో కొత్త బస్టాండ్ల లెక్కే!) ఇంకేముంది, ఇతను ఆమె ప్రేమలో పడతాడు. 'మార్త్, మార్త్' అని తన గొంతే టేపులో ఎక్కించుకుని, కోటు లోపల దాచి బస్సులో మోగిస్తాడు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లు వింతగా చూస్తారు. అక్కడ నాకు నవ్వాగలేదు.

నా బాధ వేరు. కింద అక్షరాలన్నీ ఇంగ్లిష్. అంత వేగంగా చదవడం నాకు రాదు. మనవరాలు చదివి తెలుగులో చెప్పింది. ఆమె మాట వింటే బొమ్మ పోతుంది, బొమ్మ చూస్తే మాట పోతుంది. తెగిన ఫిలిం అతికించి నడిపినట్టే ఉంది, మధ్యలో నాలుగు ముక్కలు ఎగిరిపోయి. ఒక గది సీన్ రాగానే "తాతా, ఇది జరుపుతున్న" అని ముందుకు నెట్టేసింది. నేనూ ఏమనలేదు.

ఓటీటీలో మన సినిమాలకు ఇంగ్లిష్ అక్షరాలు వేస్తున్నారు, ఎవరెవరో చూస్తున్నారు. అటు నుంచి ఇటు ఎందుకు రావు? గంటన్నర కూడా లేని సినిమా, మన వాటితో పోలిస్తే మాటలూ తక్కువే. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో ఫ్రెంచ్ చదువుకునే పిల్లలున్నారు. ప్రభుత్వమో, ఓటీటీ వాళ్లో డబ్బులిచ్చి ఏటా నాలుగు సినిమాలకైనా వాళ్లతో రాయించలేరా? మీ సినిమా పేజీలో రోజూ వసూళ్ల లెక్కలే. ఒక్కసారి ఈ ముచ్చట కూడా అడగండి.

చివరికి ఆ ప్రియుడు కనబడనే కనబడతాడు. మార్త్ అతనితో వెళ్లిపోతుంది. జాక్ గదిలో ఒక్కడే టేప్ రికార్డర్‌తో ఏదో చెప్పుకుంటున్నాడు. "ఏమంటున్నడు బిడ్డా?" అనడిగాను. కళ్లు తుడుచుకుంటూ "జర ఆగు తాతా" అంది. ఆలోపే సినిమా అయిపోయింది.

- ఒక పాత ఆపరేటర్, మిర్యాలగూడ