ఇత్తడి ఇంజనుకు చేసినవారి పేరు కూడా కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

పాత వస్తువుల సేకరణ గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. అందులో ఎన్ స్కేలు అనే చిన్న కొలతలో చేసే ఇత్తడి రైలింజను నమూనాల ప్రస్తావన కనబడినందుకు సంతోషించాను గాని, ఆ ప్రస్తావన అంతా వేలంలో ఏ పేరున్న పెట్టె ఎంత పలుకుతుందన్న దగ్గరే ఆగిపోయింది. ఈ నమూనాలను ఏళ్ల తరబడి సేకరిస్తూ, విప్పి బాగుచేసుకుంటూ, పట్టాల మీద నడుపుకుంటూ వస్తున్నవాడిగా ఒక లోటును మీ పాఠకుల దృష్టికి తేవాలనుకుంటున్నాను. నమూనాను ఉంచి అమ్మే పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది సాధారణంగా దానిని విదేశంలో చేయించి తెప్పించిన దిగుమతిదారు పేరు. ఇంజనును తన చేతులతో చేసిన పనిశాల పేరు అమ్మకాల జాబితాల్లో చివరన ఉంటుంది, చాలాసార్లు అసలు ఉండదు. అమ్మేవారు, కొనేవారు, వారసత్వంగా పొందినవారు, ప్రదర్శనకు పెట్టేవారు అందరూ ఆ పేరును తప్పనిసరిగా నమోదు చేయాలని నా విన్నపం.

ఎన్ స్కేలు అంటే అసలు రైలులో 160వ వంతు. పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. జర్మనీలోని నూరెంబర్గ్‌కు చెందిన ఆర్నోల్డ్ సంస్థ 1960ల తొలినాళ్లలో దీనిని ప్రాచుర్యంలోకి తెచ్చింది. ఇంత చిన్న కొలతలో ఇత్తడితో పనిచేయడం ఎలాంటిదో తెలియాలంటే సేకరణకర్తలు ఎక్కువగా కోరుకునే బిగ్ బాయ్ ఇంజనునే తీసుకోవచ్చు. యూనియన్ పసిఫిక్ రైల్వే కోసం అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ 1941 నుంచి 1944 వరకు ఇలాంటివి 25 కట్టింది. ఇంధనం, నీళ్లు మోసే వెనుక బండి అయిన టెండరుతో కలిపి నలభై మీటర్లు దాటే ఆ ఇంజను ఎన్ స్కేలులో 25 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండే దాని చోదక చక్రం 11 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. బాయిలరు పక్కన సిబ్బంది పట్టుకుని నడిచే కమ్మీని లెక్క ప్రకారం తగ్గిస్తే మిల్లీమీటరులో ఐదో వంతు మందం గల తీగ కావాలి. అంత సన్నని తీగ వేలు తగిలితే వంగిపోతుంది. కాస్త మందం పెంచితే చూపుకు మోటుగా ఉంటుంది. ఎక్కడ కొలతకు కట్టుబడాలి, ఎక్కడ కంటికి తెలియకుండా సడలించాలి అన్న నిర్ణయం పనివాడిది. ఏ గీతపటమూ దానిని అతనికి చెప్పదు. అందుకే ఒకే రైల్వేకు చెందిన ఒకే తరగతి ఇంజనును రెండు పనిశాలలు చేస్తే, తెలిసినవారు పెట్టె చూడకుండానే ఏది ఎవరిదో పోల్చుకోగలరు.

ఈ పని జరిగే తీరును కొంచెం వివరిస్తాను, ఎందుకంటే ధర గురించి రాసేవారు దీనిని దాటేస్తారు. ఇంజను క్యాబిన్ గోడలు, టెండరు పక్కలు వంటి చదునైన భాగాలను పలుచని ఇత్తడి రేకు మీద రసాయనంతో చెక్కుతారు. రివెట్ల కోసం రేకు వెనుకవైపున సగం లోతు గుంటలు చెక్కి, వాటిని సూదిమొనతో ముందుకు ఒత్తి బొడిపెలుగా తేలుస్తారు. గంట, గాలి పంపు, ఇంజెక్టర్లు వంటి ముద్ద భాగాలను మైనం అచ్చుతో పోత పోస్తారు. కరిగిన ఇత్తడి చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కనుక మూలనమూనాను ఆ మేరకు ముందే పెద్దదిగా చేసుకోవాలి. ఆ తరువాత వచ్చేది టంకం పని, ఈ కళకు అసలు పరీక్ష అదే. ఇత్తడి వేడిని త్వరగా పాకిస్తుంది. ఒక పైపును అతికించబోతే పక్కన అప్పటికే అతికిన పంపు ఊడి చేతిలోకి వస్తుంది. అందుకని ముందు వేసే అతుకులకు ఎక్కువ వేడికి కరిగే టంకం, తరువాతి వాటికి తక్కువ వేడికే కరిగే టంకం వాడుతూ, ఏ భాగం తరువాత ఏది అన్న వరుసను పనివాళ్లు మనసులోనే కట్టుకోవాలి.

నా దగ్గరున్న ఒక ఆవిరి ఇంజనును శుభ్రం చేయడానికి విప్పినప్పుడు బాయిలరు లోపలి వైపు భూతద్దంతో చూశాను. పైన ఎక్కడా టంకం పూస కనబడని ఆ ఇంజనుకు లోపల మాత్రం ప్రతి అతుకు దగ్గరా సన్నని ఆకురాయి గీతలు ఒకే దిక్కుగా ఉన్నాయి. క్యాబిన్ కప్పు అడుగున, దానికి సరిపోయే బాయిలరు అంచున, ఒకే అంకె సూదితో గీసి ఉంది. చేత్తో సరిచేసిన భాగాలు ఒక ఇంజనువి మరో ఇంజనుకు అతకవు కనుక, ఆ రెండూ ఒకదానికొకటి చెందినవని పనివాడు పెట్టుకున్న గుర్తు అది. కొనేవారెవరూ అక్కడ చూడరని తెలిసి కూడా ఆ మనిషి లోపలి గీతలను అంత ఒద్దికగా ఉంచాడు. ఆ చెయ్యి ఎవరిదో పెట్టె మీద ఎక్కడా లేదు.

ఈ పనిశాలల చరిత్ర తెలియనిదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌లో ఉన్న అమెరికన్ సైనికులు తమ దేశపు ఇంజన్ల బొమ్మలను అక్కడి పనివాళ్లతో చేయించుకోవడంతో ఈ వ్యాపారానికి దారి పడింది. టోక్యోలోని గింజా ప్రాంతంలో గడియారాలు, నగలు అమ్మే తెన్షోడో దుకాణం ఆ రోజుల్లోనే రైలు నమూనాల్లోకి దిగింది. 1950లలో మొదలైన పసిఫిక్ ఫాస్ట్ మెయిల్ అనే అమెరికన్ దిగుమతి సంస్థ తెన్షోడో నుంచీ, యునైటెడ్ పేరుతో పనిచేసిన పనిశాల నుంచీ నమూనాలు తెప్పించేది. వాటిలో అత్యధికం ఎన్ స్కేలుకు దాదాపు రెట్టింపు ఉండే హెచ్ఓ స్కేలువి. ఆ కొలతలో ఆరితేరిన చేతులే తరువాత ఎన్ స్కేలుకు దారి వేశాయి. డాలరుకు 360 యెన్‌లుగా 1949 నుంచి స్థిరంగా ఉన్న మారకపు రేటు 1971తో ముగిసి, యెన్ బలపడుతూ వచ్చేసరికి జపాన్‌లో చేయించడం దిగుమతిదారులకు భారమైంది. పని క్రమంగా కొరియాకు మళ్లింది. శాంహోంగ్సా, అజిన్ వంటి కొరియా సంస్థల పేర్లు అప్పటి నుంచే సేకరణకర్తల నోట నానుతున్నాయి. ఎన్ స్కేలు ఇత్తడి ఇంజన్లను కీ, హాల్‌మార్క్, ఓవర్‌ల్యాండ్ వంటి అమెరికన్ దిగుమతిదారులు అమ్మారు. యూరప్ ఇంజన్ల విషయంలో స్విట్జర్లాండుకు చెందిన లెమాకో, ఫుల్గురెక్స్ పేర్లు ముందుంటాయి. దిగుమతిదారుల శ్రమను నేను తక్కువ చేయడం లేదు. గీతపటాలు, ఫోటోలు సంపాదించి పంపేది వారే. మొదటి నమూనా రాగానే పొరపాట్లు గుర్తించి తిప్పి పంపేదీ వారే. అయితే అసలు ఇంజనును జన్మలో ఒక్కసారి కూడా చూడని మనిషి, కాగితాల మీది గీతలను చూసి, దానిని పొడవు, వెడల్పు, ఎత్తులతో నిలబెట్టాడు. ఆ సంగతి ముందు చెప్పవలసినది.

సేకరణకర్తలు కొన్ని ఇంజన్లనే ఎందుకు అంతగా కోరుకుంటారన్న ప్రశ్నకు జవాబు, అసలు ఇంజన్లలో ఎన్ని మిగిలాయన్న దానిలో ఉంది. బిగ్ బాయ్‌లు ఎనిమిది మిగిలాయి, వాటిలో 4014 నంబరు ఇంజను 2019లో మళ్లీ పట్టాలెక్కింది. సదరన్ పసిఫిక్ రైల్వే నడిపిన క్యాబ్-ఫార్వర్డ్ ఇంజన్ల కథ వేరు. సియెరా నెవాడా కొండల్లో మంచు పడకుండా కట్టిన పొడవాటి షెడ్లలో, సొరంగాల్లో పొగ సిబ్బందికి ఊపిరి ఆడనిచ్చేది కాదు. బొగ్గుకు బదులు, టెండరు నుంచి గొట్టంతో ముందుకు పంపగల చమురు వాడే ఇంజన్లు కనుక క్యాబిన్‌ను పొగగొట్టానికి ముందుకు తెచ్చి ఆ చిక్కును తీర్చారు. ఆ తరహా ఇంజన్లలో 1944లో కట్టిన 4294 నంబరు ఒక్కటే మిగిలి ఇప్పుడు శాక్రమెంటో మ్యూజియంలో ఉంది. న్యూయార్క్ సెంట్రల్ రైల్వే వారి హడ్సన్ ఇంజన్లయితే ఒక్కటి కూడా మిగల్లేదు, అన్నీ తుక్కుకు పోయాయి. అలాంటి ఇంజను పైపులు ఏ వంపు తిరిగి ఎక్కడ కలిసేవో చేతిలో పట్టుకుని తిప్పి చూడాలంటే నమూనాయే దిక్కు. అప్పుడు ఆ నమూనాను చేసినదెవరు, ఏ ఏడు, అసలు ఇంజను ఏ నంబరు, దాని ఏ కాలపు రూపం అన్న వివరాలు లేకపోతే అది అందమైన వస్తువుగా మిగులుతుంది గాని సాక్ష్యంగా పనికిరాదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఈ నమూనాలు పెద్ద సంఖ్యలో చేతులు మారే కాలం వచ్చింది. మొదటి తరం సేకరణకర్తలు వృద్ధులయ్యారు, చాలామంది గతించారు. మరోవైపు ఎథర్న్, కేటో వంటి సంస్థలు ప్లాస్టిక్కులోనే అంత నాణ్యమైన ఎన్ స్కేలు ఆవిరి ఇంజన్లను తెచ్చాయి. నడకలో అవి పాత ఇత్తడి వాటికంటే మెరుగన్నది నేను నిస్సంకోచంగా ఒప్పుకుంటాను. దీనితో సాధారణ రకం ఇత్తడి నమూనాల ధర పడిపోయింది. ధర పడిపోయిన వస్తువు కాగితాలను ఎవరూ భద్రపరచరు. ఒక్కో రకం కొన్ని పదులు, మహా అయితే కొన్ని వందలు మాత్రమే తయారయ్యాయి కనుక, పోయిన వివరాన్ని మరో ప్రతిని చూసి నింపుకోవడం కూడా అన్నివేళలా సాధ్యం కాదు.

వారసులకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. అలాంటి పెట్టె మీ ఇంట్లో ఉంటే దానిని పారేయకండి, లోపలి చీటీలను వేరు చేయకండి. పాత పెట్టెల్లో ఇంజను చుట్టూ పెట్టిన స్పాంజి కాలక్రమంలో చివికి, జిగురుగా మారి ఇత్తడికి అంటుకుంటుంది. దానిని తీసి ఆమ్లం లేని పలుచని కాగితంలో చుట్టండి, పెట్టెను మాత్రం అలాగే ఉంచండి. ఇత్తడి నల్లబడిందని చిలుము వదలగొట్టే పాలిష్ మాత్రం పెట్టవద్దు. దానితో పైనున్న పారదర్శకపు పూత పోతుంది, రివెట్లు అరిగిపోతాయి, ఆ నష్టం తిరిగి పూడ్చలేనిది. కొత్త రంగు వేయించాలని తొందరపడవద్దు. ఇంజను అడుగు పలక మీద, పెట్టె చివర అతికించిన కాగితం మీద, సూచనల పత్రం మీద పనిశాల పేరు ఉందేమో వెతికి రాసిపెట్టుకోండి. పాత యజమాని మోటారు మార్చాడా, పళ్లచక్రాలు మార్చాడా అన్నది కూడా రాసుకోవాలి. డిజిటల్ నియంత్రణ కోసం, పట్టాల ద్వారా వచ్చే ఆజ్ఞలను అందుకుని మోటారును నడిపే డీకోడరు అనే చిన్న పరికరాన్ని పెట్టించుకునేవారు మోటారుకు ఇంజను దేహంతో విద్యుత్ సంబంధం లేకుండా చేయించాలి. ఇత్తడి దేహం మొత్తం విద్యుత్ వాహకం కనుక ఆ జాగ్రత్త లేకపోతే డీకోడరు కాలిపోతుంది.

వేలం సంస్థలు తమ జాబితాల్లో రైల్వే పేరు, దిగుమతిదారు పేరు పక్కనే పనిశాల పేరుకు, తయారైన సంవత్సరానికి రెండు గడులు పెట్టడం ఏమంత ఖర్చుతో కూడిన పని కాదు. పేరు దొరకని చోట "తెలియదు" అని రాయడం కూడా మేలే, ఎందుకంటే ఖాళీ కనబడితే తెలిసినవారు ఎవరో ఒకరు నింపుతారు. ఆ పనిశాలల్లో పనిచేసినవారిలో ఇంకా బతికి ఉన్నవారిని కలిసి, ఏ ఇంజనును ఎవరు అతికించారో, ఎవరు పోత పోశారో అడిగి రాసుకోవడానికి సేకరణకర్తల సంఘాలు వెంటనే పూనుకోవాలి. మీ పత్రికలో ఈ విషయం మీద మరో వ్యాసం వేసే ఆలోచన ఉంటే, అందులో ధరల పట్టికకు ఇచ్చినంత చోటు పనిశాలల పేర్లకు కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు