ఎర్ర మందు లెక్క రాసివ్వండి

సంపాదకులకు,

ఏటా ఫిబ్రవరి 15న అంతర్జాతీయ బాలల క్యాన్సర్ దినం సందర్భంగా, చికిత్స పూర్తయిన పిల్లలతో కేకు కోయించిన ఫొటోలు పత్రికల్లో వస్తుంటాయి. సంతోషమే. అయితే ఆ పిల్లలకు పాతికేళ్లు వచ్చేనాటికి వారి ఆరోగ్యం ఎవరు చూడాలన్నది ఎవరికీ పట్టినట్టు లేదు.

మా బంధువుల అమ్మాయికి ఆరేళ్ల వయసులో రక్త క్యాన్సర్ వచ్చి నయమైంది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని గుండె డాక్టరు దగ్గరకు తీసుకువెళ్తే, చిన్నప్పుడు ఏ మందు ఎంత మోతాదులో ఇచ్చారని ఆయన అడిగారు. ‘ఎర్ర మందు ఎక్కించారండీ’ అని మాత్రమే తల్లి చెప్పగలిగింది. డాక్సోరుబిసిన్ చూడటానికి ఎర్రగా ఉంటుంది గనుక ఆ పేరు. ప్రాణం నిలబెట్టే మందే గానీ, ఒంట్లోకి వెళ్లిన మొత్తం మోతాదు పెరిగేకొద్దీ గుండె కండరం బలహీనపడే ప్రమాదమూ పెరుగుతుంది. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములు, ఆపైన అందినవారికి ముప్పు ఎక్కువని నిపుణులు చెబుతారు. గుండె పనితీరు చూసే ఎకో పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించాలన్నది కూడా ఆ లెక్కను బట్టే ఉంటుంది. ఆ అమ్మాయి ఇంట్లో సంచి నిండా రక్త పరీక్షల చీటీలు, డిశ్చార్జి కాగితాలు ఉన్నాయి. మొత్తం ఎంత ఎక్కించారో తెలిపే అంకె మాత్రం ఒక్క కాగితంలోనూ లేదు.

ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. గర్భం దాల్చినప్పుడు గుండెపై భారం పెరుగుతుంది కాబట్టి, కాన్పు చేసే డాక్టరుకు పాత చికిత్స సంగతి ముందే తెలిసి ఉండాలి. సంబంధాలు తప్పిపోతాయని ఆ కాగితాలను దాచేసే తల్లిదండ్రులను తప్పు పట్టలేం గానీ, ఆ మౌనం చివరికి కూతురి ప్రాణం మీదికే రావచ్చు.

వినికిడిదీ ఇదే కథ. సిస్‌ప్లాటిన్ అనే మరో క్యాన్సర్ మందు వాడిన పిల్లల్లో కొందరికి ముందుగా సన్నని, కీచు ధ్వనులు వినబడటం తగ్గుతుంది. ‘స’, ‘ష’ వంటి అక్షరాలు చెవికి స్పష్టంగా అందవు. బడిలో పరధ్యానం పిల్లవాడన్న పేరు పడుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమేమో మాటలు వినబడే ధ్వనుల శ్రేణిలో (స్పీచ్ ఫ్రీక్వెన్సీలు) రెండు చెవులకూ కనీసం 60 డెసిబెల్స్ వినికిడి లోపం ఉందా అని చూస్తుంది గనుక, వీరిలో చాలామందికి సదరం సర్టిఫికెట్ దొరకడం కష్టం.

ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1991లోనే చికిత్స ముగిసిన పిల్లల కోసం ప్రత్యేక క్లినిక్ తెరిచింది. మన ప్రభుత్వాలు అంతకన్నా తేలికైన పనితో మొదలుపెట్టవచ్చు. మందుల పేర్లు, మొత్తం మోతాదులు, రేడియేషన్ ఇచ్చిన భాగం, ఇకపై చేయించాల్సిన పరీక్షలు రాసిన ఒక్క పేజీని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కుటుంబానికి అందజేసినట్టు నమోదు చేస్తేనే చివరి బిల్లు మంజూరయ్యేలా తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ నిబంధన పెట్టాలి. ఎకో, వినికిడి పరీక్షలు జిల్లా ఆసుపత్రుల్లోనే జీవితాంతం ఉచితంగా జరగాలి.

ఇప్పటికే కోలుకున్నవారి సంగతి ఇంకా తొందరగా చూడాలి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం వైద్యులు ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరిస్తే చాలు. ఆసుపత్రుల్లో ఇంకా మిగిలి ఉన్న పాత కేసు షీట్ల నుంచి ఈ లెక్కలు తీయించి, ఆయా కుటుంబాలకు పంపేలా రెండు ప్రభుత్వాలూ వెంటనే ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు, నరసరావుపేట