మూలన ‘లైవ్’ కాదు, తేదీ, టైము వేయండి

సంపాదకుల వారికి,

విజయవాడలో కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీకి వరద వచ్చిందంటే న్యూస్ ఛానళ్ల తెర నాలుగు ముక్కలవుతుంది. ఒకదాంట్లో గేట్లు, ఒకదాంట్లో పీకల్లోతు నీళ్లలో నడిచే మనిషి, ఇంకోదాంట్లో పడవ, చివరిదాంట్లో స్టూడియో. పైన మూలన ఎర్రగా ‘లైవ్’. నిజానికి అప్పుడు లైవ్‌లో ఉన్నది స్టూడియో ఒక్కటే కావచ్చు. గేట్లు పొద్దుటివి, పడవ నిన్నటిది. లోపలి కాలనీల్లోకి వెళ్లగలిగే కెమెరాలు ఒకటో రెండో ఉంటాయి. అవి తెచ్చిన అరగంట విజువల్స్‌తో ఇరవై నాలుగు గంటలు నెట్టుకురావాలి కాబట్టి అవే తిరుగుతుంటాయి. తిప్పడాన్ని తప్పనను. ఎప్పటివో చెప్పకుండా తిప్పడమే తప్పు.

దీనివల్ల ఏమవుతుందో 2024 సెప్టెంబరు వరదే చెబుతుంది. 2వ తేదీన బ్యారేజీ నుంచి దాదాపు 11.4 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీళ్లు) కిందికి వెళ్లాయి. కెమెరాకు 70 గేట్ల కంటే మంచి దృశ్యం ఏముంటుంది? కానీ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట కాలనీలను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. దాన్ని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి, వాగు మీది వెలగలేరు రెగ్యులేటర్ గేట్ల నుంచి వదిలిన నీళ్లూ అటే వచ్చాయి. బ్యారేజీ దగ్గర ప్రవాహం తగ్గాక కూడా సింగ్‌నగర్‌లో నీళ్లు దిగలేదు. గండ్లు పూర్తిగా పూడింది 7వ తేదీన. ఈ మధ్య రోజుల్లో బ్యారేజీని చూపిస్తూ ‘వరద తగ్గుముఖం’ అని రాస్తే నది ఒడ్డునున్న కృష్ణలంకకు అది సరిపోతుంది, పాయకాపురానికి తప్పుడు సమాచారం అవుతుంది. ఏ వరద, ఏ ప్రాంతం అన్న రెండు ముక్కలు కలిపితే పోయేదేమీ లేదు.

అంకెల సంగతీ అంతే. ‘5 లక్షల క్యూసెక్కులు’ అని ఊరికే అరిస్తే ఎవరికి ఏం తెలుస్తుంది? అది పైనుంచి వచ్చేదా, కిందికి వదిలేదా, ఎన్ని గంటలకు కొలిచారు, గంట క్రితం ఎంత ఉంది? ఈ మూడూ లేని అంకె భయపెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. బ్యారేజీ దగ్గర సుమారు 4 లక్షలకు మొదటి హెచ్చరిక, సుమారు 5.7 లక్షలకు రెండో హెచ్చరిక. అంకె పక్కన ఆ గీత కూడా చూపిస్తే కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంకల్లో ఉన్నవాళ్లు గొడ్లను గట్టుకు ఎప్పుడు తోలాలో లెక్క వేసుకుంటారు. ఎగువనున్న పులిచింతల డ్యామ్ అంకె ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు. ఖమ్మం మీదుగా వచ్చే మున్నేరు కృష్ణలో కలిసేది దానికి దిగువన. ఖమ్మం వైపు కుండపోత పడితే పులిచింతల నెమ్మదిగా ఉన్నా బ్యారేజీకి నీళ్లు ఉరికి వస్తాయి.

ఇంకో సంగతి ఛానళ్లవాళ్లు ఆలోచించినట్టు లేదు. మునిగిన కాలనీలో కరెంటు తీసేస్తారు. అక్కడ టీవీలు నడవవు, సెల్‌ఫోన్లకూ ఛార్జింగ్ ఉండదు. చూసేది పొడి ఇంట్లో ఉన్నవాళ్లు, గుంటూరులోనో హైదరాబాద్‌లోనో కూర్చుని తల్లిదండ్రుల కోసం కంగారుపడే పిల్లలు. వాళ్లకు కావలసింది ఏ వీధి వరకు పడవ వెళ్తోంది, పునరావాస కేంద్రం ఏ బడిలో ఉంది, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి. గంటకోసారి ఐదు నిమిషాలు, వార్డులవారీగా, జిల్లా కంట్రోల్ రూమ్ చెప్పింది చెప్పినట్టు చదివితే చాలు. 112, 1070 అత్యవసర సాయం నంబర్లను స్క్రోలింగ్‌లో కదిలించకుండా తెర అడుగున నిలిపి ఉంచాలి. పరుగెత్తే నంబరును ఎవరూ రాసుకోలేరు.

పడవల దగ్గరికి వస్తే, సహాయక బృందాల రబ్బరు పడవలో పట్టేది ఎనిమిది, పది మంది. రిపోర్టరు, కెమెరామ్యాన్ ఎక్కితే ఒక్కో ట్రిప్పుకు ఇద్దరు మేడ మీదే మిగులుతారు. బృందంతో పాటు వెళ్లేది ఒకే కెమెరా అయి, ఆ విజువల్స్ అన్ని ఛానళ్లూ పంచుకుంటే సరిపోదా? హెలికాప్టర్లు, ఆహారం మోసే డ్రోన్లు తిరిగే చోట మీడియా డ్రోన్ ఎగరేయడం మాత్రం పోటీ కాదు, ప్రమాదం.

ఇల్లు పోయినవాళ్ల నోటి దగ్గర మైకు పెట్టి ‘ఎలా ఉంది?’ అని అడగడం గురించి ఎక్కువ చెప్పను. మృతదేహాలను, నెత్తురోడే క్షతగాత్రులను మసక చేయకుండా దగ్గరగా చూపొద్దని కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2023 జనవరిలోనే ఛానళ్లకు సూచించింది. భోజనం పొట్లాల కోసం చెయ్యి చాచినవాళ్ల ముఖాలకూ ఆ మరుగు ఇవ్వవచ్చు.

ప్రకృతి విపత్తుల దృశ్యాలపై తేదీ, సమయం స్పష్టంగా వేయాలని అదే శాఖ 2024 ఆగస్టులో, వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డ కొద్ది రోజులకే సూచించింది. ఇది ఖర్చుతో కూడిన పనీ కాదు. క్లిప్పు డెస్క్‌కు రాగానే చోటు, తేదీ, టైము దానిమీద ఎక్కించాలి. రికార్డు చేసింది వేసేటప్పుడు స్టూడియో కంట్రోల్ రూమ్‌లో ‘లైవ్’ గుర్తు తీసేయాలి. ‘కట్ట తెగింది’ అని వేసేముందు జిల్లా కంట్రోల్ రూమ్‌ను అడగాలి. పొరపాటున వేస్తే, బ్రేకింగ్ ఎంత అక్షరాల్లో ఎన్నిసార్లు వచ్చిందో సవరణా అంత అక్షరాల్లో అన్నిసార్లు రావాలి. విపత్తు గురించి, దాని తీవ్రత గురించి తప్పుడు హెచ్చరికలతో జనాన్ని బెదరగొడితే 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు.

చూసేవాళ్లం మనమూ ఊరికే తిట్టుకోవడం మాని ఫిర్యాదు రాయవచ్చు. ఛానల్ పేరు, తేదీ, ప్రసారమైన సమయం, తెరమీద ఉన్న రాత నోట్ చేసుకుని, వీలైతే ఫోన్‌లో తెరను తీసి, వెంటనే ఆ ఛానల్ ఫిర్యాదుల అధికారికి పంపాలి. 2021లో సవరించిన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో నిర్ణయం తెలపాలి. అది నచ్చకపోతే ఆ ఛానల్ సభ్యత్వం తీసుకున్న స్వీయ నియంత్రణ సంస్థకు మరో 15 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు.

— ఒక పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ