థైమస్ సంగతి కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆరోగ్య పేజీల్లో ‘ఇమ్యూనిటీ పెంచుకోండి’ అనే కథనాలకు కొదవ లేదు. రోగనిరోధక శక్తి ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్న నమ్మకం వాటివల్ల జనంలో పాతుకుపోయింది. కానీ టైప్ 1 డయాబెటిస్, ల్యూపస్ లాంటివి వచ్చేది ఆ శక్తి చాలక కాదు, అది సొంత కణాల మీదికే మళ్లడం వల్ల. మళ్లకుండా ఆపే ఏర్పాటు మనలోనే ఉంది. దాని గురించి ఎవరూ రాయరు.

రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త ఎలుక పిల్లల్లో దాన్ని తీసేసి చూసేదాకా దానికి పెద్దగా పనిలేదనే అనుకున్నారు. రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ కణాలు తయారయ్యేది అక్కడే. అసలు విచిత్రం దాని లోపలి భాగంలో ఉంది. అక్కడి కొన్ని కణాలు తమకు ఏమాత్రం సంబంధం లేని జన్యువులను తెరుస్తాయి. క్లోమం చేయాల్సిన ఇన్సులిన్, థైరాయిడ్ చేయాల్సిన థైరోగ్లోబులిన్ కొద్దికొద్దిగా తయారుచేసి టీ కణాల ముందు పెడతాయి. కొత్తగా చేరిన వాచ్‌మన్‌కు ఇంట్లోవాళ్ల ఫొటోలు చూపించినట్టన్నమాట. ఒక్కో కణం చూపించేది కొన్నే, అన్నీ కలిస్తే శరీరంలో చాలా భాగం అక్కడ కనపడుతుంది. వాటిని చూసి గట్టిగా విరుచుకుపడే టీ కణాలు చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. కొన్ని మాత్రం మిగతావాటిని అదుపులో పెట్టే కణాలుగా మారతాయి. 2025 వైద్య నోబెల్ వచ్చింది ఈ అదుపు కణాల పరిశోధనకే.

ఇలా వేలాది జన్యువులను తెరిపించేది ముఖ్యంగా ‘ఎయిర్’ అనే జన్యువు. 1997లో దాన్ని గుర్తించింది ఒక అరుదైన వంశపారంపర్య జబ్బు ద్వారా. ఈ ఒక్క జన్యువు చెడితే చాలు, పారాథైరాయిడ్, అడ్రినల్ లాంటి గ్రంథులు వరసగా దెబ్బతింటాయి. అంతదాకా ఎందుకు, థైమస్‌లో ఇన్సులిన్ కాస్త ఎక్కువ తయారయ్యే రకం జన్యువు ఉన్నవాళ్లకు టైప్ 1 డయాబెటిస్ ముప్పు తక్కువ!

ల్యూపస్ రోగులకు డాక్టర్లు తరచుగా ఇచ్చేది రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు. అలాంటి మనిషి పేపర్లో చదివి ‘బూస్టర్’ కొనుక్కుంటే బాధ్యత ఎవరిది? ఇకపై అలాంటి కథనం వేసేటప్పుడు ఇలాంటి ఆటోఇమ్యూన్ (రోగనిరోధక శక్తి సొంత కణాల మీదికే మళ్లే) జబ్బులున్నవాళ్లు వాడొచ్చా, కూడదా అన్నది డాక్టరును అడిగి, కింద చిన్న అక్షరాల్లో కాకుండా కథనంలోనే వేయండి. వీలైతే థైమస్ మీద బొమ్మలతో ఒక పేజీ కేటాయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు